అడయారు మర్రి నీడలో

మా ఇందల్వాయివారికి నీరంటే చెరువే. అందుచేత చెన్నపట్నంలో దివ్యజ్ఞాన సమాజపు తోటలో అడుగుపెట్టగానే నా కళ్ళు భవనంకంటె ముందు సముద్రాన్నే వెదికాయి. అడయారు నది కడలిలో కలిసేచోట ఉన్న ఈ హడిల్‌స్టన్ తోటను, బంగళాను బ్లావట్‌స్కీ, ఆల్కాట్ 1882లో కొన్నారు. శతాబ్దాల నాటి మర్రి ఉంది. తల్లిమాను 1989 గాలివానలో కూలినా, ఊడలే మ్రాకులై నిలిచాయి.

నా మనసు మాత్రం ఇసుక దగ్గరే ఆగింది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1909లో లెడ్‌బీటర్ కంటపడింది ఆ తీరానే. అప్పటికి బడిలో పంతులుగారి దృష్టిలో ఆ పిల్లవాడు మొద్దు. బెత్తపు దెబ్బలకు కొదువ లేదు. ఆపై ఆంగ్లం నేర్పి జగద్గురువును చేయబూనారు. తనకోసం నెలకొల్పిన సంఘాన్ని 1929లో తానే రద్దు చేశాడు. ఇంటి తెలుగు మాత్రం ఆయన నోట నిలువలేదు. తెలుగు పండితుణ్ణి గదా, ముల్లులా గుచ్చుకుంది.

చదువరులు మన్నింతురు గాక, అంతకంటె పెద్ద ముల్లు మరొకటి. గణవిభజన చేయలేని ఒక పిల్లవాణ్ణి నేనూ “మందమతి” అని తరగతి ముందు నిలబెట్టాను. వాడు మరునాటినుంచి బడికి రాలేదు.

ఫోటో దిగుదాం రమ్మని మావాళ్ళు మర్రి క్రిందనుంచి పిలుస్తున్నారు. నేను వాడి ఇంటిపేరు గుర్తుచేసుకుంటూ కూర్చున్నాను.