అమ్మ ఎక్కే మెట్టు

జీపు పుట్టింది సైనికుల కోసం. రెండో ప్రపంచయుద్ధంలో తుపాకీ భుజాన వేసుకుని ఒక్క గెంతులో ఎక్కేసే కుర్రాళ్ల బండి అది. 1947లో మహీంద్రా సంస్థ మన దేశంలో జీపుల్ని బిగించడం మొదలుపెట్టాక మెల్లగా పోలీసుల చేతికీ, అటవీశాఖ చేతికీ, ఆఖరికి కొండమీది రైతు చేతికీ వచ్చింది. బండి మన ఊళ్లోకి వచ్చిందిగానీ దాని ఎత్తు తగ్గలేదు. తగ్గిస్తే రాళ్లబాటలో అడుగు తగులుతుంది మరి! ఆ సంగతి చెబితే ఎనభై రెండేళ్ల మోకాళ్లు వింటాయా?

పాడేరు కొండల్లో ఓ కాఫీ రైతు ఇంట్లో సరిగ్గా ఇదే చిక్కు. ఆయన ఒకప్పుడు ఆర్టీసీ గ్యారేజీలో వెల్డరు. రిటైరయ్యాక పాత ఎంఎం 540 ఫోర్‌వీల్ డ్రైవ్ జీపు కొనుక్కున్నారు. వానాకాలంలో ఆ ఎర్రమట్టి బాటలో నాలుగు చక్రాలూ లాగితేనే బండి కదులుతుంది. ఆటో అనే మాటే లేదు.

ఆయన తల్లి ఏటా మే నెలలో మోదకొండమ్మ జాతరకు వెళ్లకుండా ఉండేవారు కాదు. అలాంటిది వరసగా రెండేళ్లు మానేశారు. ‘ఆ జనంలో నాకెందుకురా, మీరెళ్లి రండి’ అనేవారు. ఆస్పత్రికి రమ్మన్నా రేపూ ఎల్లుండీ అనడమే. వయసు కదా, ఓపిక తగ్గిందనుకున్నారు అందరూ. అసలు సంగతి కోడలికి తెలిసింది. కిందటిసారి జాతర దగ్గర ఇద్దరు మగవాళ్లు చెరో చంకా పట్టుకుని ఆమెను జీపులోకి ఎత్తారు. చీర మోకాళ్లదాకా జరిగింది. చుట్టూ జనం. ‘బియ్యం బస్తాని ఎత్తినట్టు ఎత్తారే’ అంటూ కోడలి దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నారట.

ఆ మాట కొడుకు చెవిన పడింది. మర్నాడే టేపు తీశారు. నేల నుంచి జీపు ఫ్లోరు దాకా 24 అంగుళాలు. ఇంటి మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు, అంటే ఏడున్నర అంగుళాలు మించకూడదని జాతీయ భవన నిర్మాణ నిబంధనలు చెబుతాయి. ఆ లెక్కన ఆ తల్లి మూడు మెట్లను ఒక్క అడుగులో ఎక్కాలన్నమాట! అప్పటిదాకా వాడిన స్టూలు చదును నేలమీద పర్వాలేదుగానీ, వాలుమీద పెడితే ఊగుతుంది.

అరుగు మీద ఇటుకలు పేర్చి ‘ఎంతవరకు కాలు లేస్తుందో చూడమ్మా’ అన్నారు. ఎనిమిది అంగుళాల దగ్గర ఆగింది. అంటే ఒక మెట్టు సరిపోదు. ఎనిమిది దగ్గర ఒకటి, పదహారు దగ్గర ఒకటి కావాలి. కానీ నేలకు ఎనిమిది అంగుళాల ఎత్తులో ఇనుము వేలాడితే దారిలో మొదటి బండరాయికే వంగిపోతుంది. అమ్మకు కిందికి కావాలి, బాటకు పైకి కావాలి! పై మెట్టు స్థిరంగా ఉంచి, కింది మెట్టును కీలుమీద మడిచేలా చేయడమే దారని తేల్చుకున్నారు. ఎక్కాక పైకి మడిచి పిన్ను గుచ్చేస్తే సరి.

ఇక అసలు పని. జీపు బాడీ రబ్బరు దిమ్మలమీద కూర్చుని ఉంటుంది, గతుకుల్లో చాసిస్ ఒకలా, బాడీ ఒకలా కదులుతాయి. మెట్టును బాడీ రేకుకు బిగిస్తే రేకు చిరుగుతుంది. రెండిటికీ కలిపి బిగిస్తే ఏదో ఒకటి విరుగుతుంది. అందుకే బరువంతా చాసిస్ మీదే వేసి, బాడీకి వేలెడు సందు వదిలారు. చాసిస్‌కు కన్నం పెట్టలేదు, వెల్డింగూ చేయలేదు. వెల్డింగంతా బయటే ముగించి, ఆరు మిల్లీమీటర్ల పట్టీలతో చాసిస్‌ను చుట్టి బోల్టులు బిగించారు. బిగించే ముందు పట్టీ కింద బ్రేకు పైపు నలగడం లేదు కదా అని వేలితో తడిమి చూసుకున్నారు. బయటికి పొడుచుకొచ్చిన బ్రాకెట్టు మూలమూలకూ ముక్కోణపు పలక వేశారు. మెట్టు అంచున మనిషి నిలబడితే ఆ బరువు బ్రాకెట్టు మొదలును విరిచేలా తిప్పుతుంది, దాన్ని ఆపేది ఆ పలకే.

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అందుకే ముందు రవాణా కార్యాలయంలో అడిగి, మెట్టు మడ్‌గార్డు అంచు దాటకుండా చూసుకున్నారు.

అడుగు పెట్టేచోట ఏం వేయాలన్నది మరో ప్రశ్న. జాలీ వేస్తే బురద నిలవదు. కానీ పెద్దావిడ చెప్పులు విడిచిగానీ బండి ఎక్కరు, జాలీ అరికాలికి గుచ్చుకుంటుంది. చెకర్డ్ ప్లేటు వేసి, నీరు పోయేలా కన్నాలు పెట్టారు. మే ఎండకు ఇనుము కాలుతుందని కోడలు గుర్తుచేస్తే, పాత టైరు రబ్బరు కోసి పైన అతికించారు. రెడాక్సైడ్ కొట్టి నల్లరంగు వేశాక, ఇద్దరు మనుషులతో కలిసి ఆయనే మెట్టెక్కి గెంతి చూశారు.

మెట్టు కన్నా ముఖ్యం పట్టు. నడుమెత్తున ఒకటి, భుజమెత్తున ఒకటి చేతిపిడులు బిగించారు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు అని ఆస్పత్రిలో చెప్పిన సూత్రం పెద్దావిడ చేత నాలుగుసార్లు అనిపించారు.

మొదటిరోజు కొడుకు అలవాటుగా చేయి చాపారు. ఆమె ఆ చేతిని పక్కకు నెట్టి పిడి పట్టుకున్నారు. ఒకటి, రెండు, మూడు. సీట్లో కూర్చుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని అడిగిన మొదటి మాట: ‘జాతర ఏ తేదీనరా?’

ఇప్పుడు ఆ మెట్టు ఆమె ఒక్కరిదే కాదు. నెలలు నిండిన ఆడపిల్లల్ని ఆస్పత్రికి చేర్చేదీ ఆ జీపే. కింది మెట్టు దించాలా అని ఎవరూ అడగరు, వీధిలో పిల్లలే పరుగున వచ్చి పిన్ను లాగుతారు.