నాదానికి నిలుకడ

చిత్రం గోడ మీద నిలుస్తుంది. శిల్పం శిలలో నిలుస్తుంది. సంగీతం మాత్రం వాదకుని చేయి ఆగిన క్షణంలోనే అంతర్ధానమవుతుంది. స్వరలిపి దాని జాడను మాత్రమే కాగితంపై మిగులుస్తుంది. ఆ జాడ వెంట నడిచి కళాకారులు తిరిగి పలికించిన నాదాన్ని దూరదేశాలకు, రాబోయే తరాలకు అందించేది ధ్వనిముద్రణ. ఆంగ్ల స్వరకర్త విలియం బోయిస్ సింఫనీల చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనం.

బోయిస్ 1711లో లండన్‌లో జన్మించాడు. యౌవనంలోనే ఆయనకు వినికిడి మందగించసాగింది. సంగీతమే జీవికగా గలవానికి ఇంతకు మించిన విపత్తు ఏముంటుంది? అయినా ఆయన సాధన మానలేదు. 1755లో రాజాస్థాన సంగీతాధిపతి అయ్యాడు. 1760లో ఎనిమిది సింఫనీలను ప్రచురించాడు. అవి అంతకుముందు నాటకాలకు, ప్రశస్తిగీతాలకు నాందిగా ఆయన కూర్చిన వాద్యరచనలు. సింఫనీ అనగానే నేడు సుదీర్ఘమైన మహారచన స్ఫురిస్తుంది. ఆనాటి ఇంగ్లండులో ఆ మాట ఇటువంటి ఆరంభసంగీతానికీ చెల్లేది. అందుకే ఈ ఎనిమిదింటినీ వరుసగా వినడానికి సుమారు ఒక గంట చాలు.

గురువు మారిస్ గ్రీన్ ఆరంభించిన పనిని చేపట్టి, పూర్వుల చర్చి సంగీతాన్ని బోయిస్ మూడు సంపుటాలుగా వెలువరించాడు. మూడవది 1773లో వచ్చింది. ఇతరుల స్వరాలను ఇంత శ్రద్ధగా కాపాడిన ఆయన 1779లో మరణించాక, ఆయన సింఫనీలే క్రమంగా మరుగునపడ్డాయి. 1928లో కాన్‌స్టంట్ లాంబర్ట్ వాటిని పరిష్కరించి ప్రచురించడంతో మళ్లీ వెలుగులోకి వచ్చాయి. తరువాత పలు వాద్యబృందాలు వాటిని ముద్రించాయి.

ఈ ముద్రణలన్నీ ఒకే తీరున వినిపించవు. ఆధునిక వయొలిన్ల లోహపు తంతుల నాదం గంభీరంగా, నిండుగా ఉంటుంది. 1980లలో ట్రెవర్ పినాక్ నాయకత్వాన ఇంగ్లిష్ కన్సర్ట్ బృందం ఆనాటి వాద్యరీతినే అనుసరించింది. జంతువుల ప్రేగులతో చేసిన తంతులు మృదువుగా, కాస్త గరుకుగా పలుకుతాయి. వాటి నడుమ హార్ప్సికార్డ్ సన్నని మువ్వల సవ్వడిలా వినవస్తుంది. అయిదవ సింఫనీలో ట్రంపెట్లు, టింపనీ భేరులు ఉత్సవ వాతావరణాన్ని కల్పిస్తాయి.

రసజ్ఞత ఒక్కసారి విన్నంతనే అలవడదు. మొదటిసారి రాగపు నడకను, రెండవసారి కింది స్థాయిలో సాగే వాద్యాలను, మూడవసారి రెండు బృందాల తేడాను గమనించాలి. అప్పుడు పరాయిదనిపించిన సంగీతం పరిచితమవుతుంది. ధ్వనిముద్రణ స్వరాన్ని నిలపగలదు. దానికి ప్రాణం పోయవలసినది వినేవాని ఏకాగ్రతే. చెవి సహకరించకున్నా బోయిస్ కూర్చిన సంగీతాన్ని, చక్కని చెవులుండీ వినకపోవడం మన లోపమే అవుతుంది.