లెక్కకు రాని గెంతు

మాది బెజవాడ వన్‌టౌను. కొండవాలున మెట్టుమీద మెట్టుగా కట్టిన యిండ్లలో మా యిల్లొకటి. వీధిలోనికి రావలెనన్న అరువది రెండు మెట్లు దిగవలెను. నావంటివారు గోడ పట్టుకొని దిగుదురు. మా అమ్మాయి కూతురు మాత్రము గెంతుచు దిగును.

ఆ పిల్లకు పదునాలుగేండ్లు. తల్లిదండ్రులు ఉద్యోగరీత్యా వేఱొక యూర నుండుటచే మా యొద్దనే చదువుకొనుచున్నది. బడిలో ట్రిపుల్ జంపు అను ఆట నేర్చుకొనుచున్నది. అదేమి యని యడుగగా, "మీ తొక్కుడుబిళ్ళే అమ్మమ్మా, కాస్త పెద్దది" అన్నది. పరుగెత్తి వచ్చి పలకపై నొక కాలు మోపి లేవవలెను. మొదట ఆ కాలిమీదనే దిగి, పిమ్మట రెండవ కాలిమీద దిగి, మూడవ గెంతున ఇసుకలో పడవలెను. పురుషులకీ పోటీ 1896లో ఏథెన్సున జరిగిన ఒలింపిక్సునుండియు నున్నది. స్త్రీలకు 1996లో, అట్లాంటాలో గాని దొరకలేదు. సరిగా నూఱేండ్లు! వీధి యరుగుల ముందు ఒంటికాలితో గెంతినవారు ఆడుపిల్లలు, పతకములందుకొన్నవారు మగవారు. మన దేశమున 14 మీటర్లు దాటిన మొదటి స్త్రీ కేరళకు చెందిన మయూఖా జానీ. ఆమె 2011లో జపానునందలి కోబెలో 14.11 మీటర్లు దూకి ఆసియా పోటీలలో కాంస్యపతకము గొన్నది.

మొన్న జిల్లా పోటీలు జరిగినవి. నేనును చూడ వెళ్ళితిని. మా పిల్ల యొక గెంతులో అందఱికన్న దూరముగా పడెను. నేను చప్పట్లు కొట్టబోవునంతలో ఎఱ్ఱజెండా లేచెను. బొటనవ్రేలు పలక దాటినదట. ఆ గెంతును కొలువనే లేదు. పిల్ల ఇసుకలో నట్లే కూర్చుండిపోయెను.

సోదరీమణులారా, నిజము వ్రాయుచున్నాను. అప్పుడు నా మనస్సునకు నెమ్మది కలిగెను. గెలిచినచో శిక్షణకై దూరపు హాస్టలుకు పంపుమందురు. ఓడినది గనుక ఆ మాట ముగిసినదని తలంచితిని. "పోనీలేవే, ఇక చదువు చూసుకో" అంటిని.

ఆ మాట నా నోట రెండవ మాఱు వచ్చినది. ఇరువదెనిమిదేండ్ల క్రిందట దీని తల్లి పరుగు పందెములలో ఎన్నికై, పరయూరు వెళ్ళుటకు నా అనుమతి కోరినది. నలుగురేమనుకొందురో యని నేను వలదంటిని. అది యేడువలేదు, ఎదురు చెప్పలేదు. పరుగు బూట్లను కాగితములో చుట్టి అటుకమీద పెట్టినది. తరువాత చక్కగా చదివినది, ఉద్యోగము చేయుచున్నది. కాని మరల పరుగెత్తగా నేను చూడలేదు.

ఆ రాత్రి పిల్ల అన్నము కలిపి ముద్ద నోట పెట్టక కూర్చున్నది. "లెక్కకు రాని దానికి ఇంత బాధ ఎందుకే?" అంటిని. "అమ్మమ్మా, జ్యోతి యర్రాజీ సంగతి తెలుసా?" అని యడిగి, తానే చెప్పినది.

జ్యోతి విశాఖపట్టణపు పిల్ల, 1999లో పుట్టినది. తండ్రి కాపలా ఉద్యోగి. తల్లి యిండ్లలో పనులు చేయుచు, ఆసుపత్రిలో శుభ్రము చేయు పనికిని పోయెడిది. జ్యోతి పరుగు నూఱు మీటర్లది. దారిలో పది హర్డిల్సు అడ్డముగా నుండును. 2002లో అనూరాధా బిస్వాల్ నెలకొల్పిన 13.38 సెకండ్ల జాతీయ రికార్డును జ్యోతి 2020 జనవరిలో మూడబిద్రిలో 13.03కే ముగించి దాటినది. ఆ పోటీలో ఉత్తేజక ఔషధముల పరీక్ష జరుగలేదని దానిని లెక్కకు గొనలేదు. తరువాత కరోనా వచ్చినది, వెన్నునొప్పి వచ్చినది. 2022 ఏప్రిలులో కోళిక్కోడున 13.09కే పరుగు ముగించినది. వెనుకనుండి వీచు గాలి సెకండునకు 2 మీటర్లు మించరాదని నియమము. ట్రిపుల్ జంపునకును ఇదే నియమము. ఆ దినము గాలి 2.1! మరల లెక్కకు రాలేదు.

"అప్పుడేం చేసింది?" అంటిని.

"మరుసటి నెలలోనే మళ్ళీ పరుగెత్తింది."

2022 మే 10వ తేదీన, సైప్రస్ ద్వీపమునందలి లిమసోల్ నగరమున, 13.23 సెకండ్లు. మునుపటి రెండింటికన్న నెమ్మదియే, కాని ఇది లెక్కకు వచ్చినది. ఇరువదేండ్ల రికార్డు తొలగినది. ఆ యక్టోబరులో జాతీయ క్రీడలలో 12.79 వచ్చినను గాలి 2.5 ఉండుటచే మూడవ మాఱును త్రోసివేసిరి. కొలది దినములకే బెంగుళూరులో, గాలి యేమియు తోడు లేకయే, 12.82కు పరుగు ముగించి, 13 సెకండ్లలోపు వచ్చిన మొదటి భారతీయురాలైనది. 2023లో బ్యాంకాకున ఆసియా స్వర్ణము, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో రజతము, 2024లో పారిస్ ఒలింపిక్సులో స్థానము, 2025లో గుమిలో మరల ఆసియా స్వర్ణము. ఆ యేడే మోకాలికి పెద్ద దెబ్బ తగిలినది.

పిల్ల నిద్రించినను నాకు నిద్ర పట్టలేదు. మూడు మాఱులు త్రోసివేయబడిన ఆ పరుగులు వ్యర్థములా? కావు. ఆ వేగము తన కాళ్ళలో నున్నదని జ్యోతికి తెలిసినది. ఆ తెలివియే ముందుకు నడపినది. మా పిల్ల కొలువబడని గెంతును కూడ నట్లే దాచుకొన్నది. దానిని నేను ముగింపనుకొంటిని.

మఱియొక సంగతి. వెనుకనుండి వీచు గాలికి మితి గలదు గాని, ఎదురుగాలి వీచెనని యెవ్వరును మినహాయింపు నీయరు. ఆ గాలిలోనే పరుగెత్తవలెను. నా కూతునకు ఎదురుగాలి నా యింటినుండియే వీచినది.

తెల్లవారి అమ్మాయికి ఫోను చేసితిని. హాస్టలు మాట చెప్పి, "నీవేమందువే?" అని యడిగితిని. కొంతసేపు నిశ్శబ్దము. "నన్ను అడుగుతున్నావా, అమ్మా?" అన్నది. అవునంటిని. "దాన్ని వెళ్ళనీ. ముందు ఆ హాస్టల్ మనమిద్దరం చూసి వద్దాం" అన్నది. ఆపై, "అటుకమీద నా బూట్లున్నాయా?" అని యడిగినది.

ఉన్నవి. తోలు బిఱుసెక్కి పగిలినది, అవి యెవరి కాలికిని పనికిరావు. దుమ్ము దులిపి కిటికీలో పెట్టితిని.

అక్కలారా, చెల్లెండ్రారా, మీ పిల్ల యాడు మైదానమునకు ఒక్క సాయంకాలము పోయి చూడుడు. హాస్టలు బాగులేనిచో వలదనుడు, చదువు చెడునని తోచినచో వేళలు మార్చుడు. కాని చూడకమునుపే వలదనకుడు.