కొండమీది ముసాఫిర్‌ఖానా

పర్వతమనగానే మనకు హిమాలయమే స్ఫురించును. ఆల్ప్స్ పర్వతాలలో కైజర్ అను ఒక చిన్న శ్రేణి కలదు. మేము దానిని పటాలలోను, పుస్తకాలలోను మాత్రమే ఎరుగుదుము. అయినను అది మా మనస్సును విడువలేదు.

ఆస్ట్రియా దేశపు టిరోల్ రాష్ట్రంలో, కుఫ్‌స్టైన్ పట్టణానికి తూర్పున, ఈ సున్నపురాతి శ్రేణి రెండు వరుసలుగా సాగినది. దక్షిణపు వరుసను ఉగ్ర కైజర్ అనియు, ఉత్తరపు వరుసను సాధు కైజర్ అనియు అచటివారు తమ భాషలో పిలుతురు. అన్నిటికన్న ఎత్తైన శిఖరం ఎల్మావర్ హాల్ట్, 2,344 మీటర్లు. రెండు వరుసలను కలుపు కనుమ స్ట్రిప్సెన్‌యోఖ్, 1,577 మీటర్లు. పడమటనున్న కైజర్‌టాల్ లోయకు 2008లో సొరంగం తెరచువరకు మోటారు బాటయే లేదు, మెట్లెక్కి పోవలసినదే.

ఆ కనుమమీద బాటసారులకు ఒక విడిది ఉన్నది. శ్రేణి అంతట ఇట్టివి పెక్కులు గలవు. చాలవరకు పర్వతారోహణ సంఘాలు కట్టించినవే. మన ముసాఫిర్‌ఖానాల వంటివి. బాటసారి బూట్లు వాకిట విడిచి, వేడి సూప్ త్రాగి, పొడవాటి పడకపై పరాయివారి సరసన నిదురించును. ఒక విడిది పేరు గౌడేయామూస్. విద్యార్థుల పాత లాటిన్ పాటలోని తొలిమాట. ఆనందింతము అని దాని అర్థము.

అయితే ఈ ఆనందం అందరిదీ కాలేదు. 1924లో జర్మన్, ఆస్ట్రియన్ల ఉమ్మడి పర్వతారోహణ సంఘం, యూదులే అధికముగాగల డోనౌలాండ్ శాఖను వెలివేసినది. ఆల్ప్స్‌లోని కొన్ని విడుదుల వాకిట యూదులు రావలదను పలకలు వెలసినవి.

అది చదివిన రాత్రి మా ఎం.ఏ. తొలి సంవత్సరం గుర్తుకు వచ్చినది. అద్దె గది కొరకు తిరుగుచు ఒక ఇంటిముందు నిలిచితిమి. గృహస్థు మా తెలుగు విని ముచ్చటపడి, గది చూపి, బాడుగ కూడ చెప్పెను. పిమ్మట పేరడిగెను. చెప్పితిమి. "మరచితిని బాబూ, ఈ గది మా బంధువులకు మాట యిచ్చితిమి" అనెను. బయట వాన. తడిసి వచ్చిన మాకు ఒక సహాధ్యాయి తువ్వాలు అందించి, తన చాపలో సగం చూపెను. రెండేండ్లు ఆ గదిలోనే చదువుకొంటిమి.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు గదులకై తిరుగుదురు. కొందరు ఇండ్లు కట్టి గదులు అద్దెకిత్తురు. ఆనాడు వాకిట నిలిచినవాని పేరడుగుటకు ముందు, అతని తడిసిన బట్టలను చూడుడు.