కాలవ, చెరువు, కారు బ్యాటరీ

పిల్లలూ! రాజమండ్రి నుంచి గోదావరి గట్టు వెంబడి దక్షిణంగా వస్తే ధవళేశ్వరం చేరతారు. కాటన్ దొర ఇక్కడ 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852లో పూర్తి చేయించాడు. ఇప్పుడు మీకు కనిపించేది 1982లో పూర్తయిన, 175 తలుపుల కొత్త బ్యారేజీ. నది నీరు ఇక్కడినుంచే కాలవల్లోకి మళ్ళుతుంది.

ఆ కాలవలు ఏడాది పొడుగునా పారవు. వేసవిలో వాటిని కట్టేస్తారు. అందుకని ఊళ్ళవాళ్ళు ముందుగానే మంచినీళ్ళ చెరువు నింపుకుని, తూము మూసేస్తారు. మూయడం మరిచిపోతే ఏమవుతుంది? కాలవలో నీరు దిగగానే చెరువు నీరు వెనక్కి పోతుంది!

పాత కార్లలో విద్యుత్తు ఏర్పాటు అచ్చం ఇలాగే ఉండేది.

మొదటి రోజుల్లో చాలా కార్లకు ముందు దీపాలు కార్బైడు గ్యాసుతో వెలిగేవి. ఇనప హ్యాండిలు చేత్తో తిప్పితేగాని ఇంజను కదిలేది కాదు. అది వెనక్కి తన్నిందంటే చెయ్యి విరిగేది. అమెరికాలో కెటరింగ్ అనే ఇంజనీరు విద్యుత్తుతో తిరిగే స్టార్టరు తయారుచేశాడు. 1912 నాటి కాడిలాక్ కారులో అది వచ్చింది. కాని స్టార్టరు తిరగాలంటే బ్యాటరీ కావాలి. బ్యాటరీ నిండాలంటే డైనమో కావాలి.

డైనమో మన కాలవ, బ్యాటరీ మన చెరువు. ఇంజను తిరిగేటప్పుడు డైనమో కరెంటు పుట్టించి బ్యాటరీని నింపుతుంది. ఇంజను బాగా నెమ్మదిస్తే డైనమో బలం తగ్గుతుంది. అప్పుడు బ్యాటరీలోని కరెంటు వెనక్కి పోకుండా "కటౌటు" అనే చిన్న పరికరం దారి మూసేస్తుంది. అదే తూము తలుపు! బండి పరుగెత్తుతున్నా డైనమో పని చెయ్యకపోతే డ్రైవరు ఎదుట ఎర్ర దీపం వెలుగుతుంది.

నా చిన్నతనంలో ఒక రాత్రి మా చెల్లికి జ్వరం ఎక్కువై ఫిట్స్ వచ్చాయి. వీధి చివర ఒక పాత టాక్సీ ఉండేది. నాన్నగారు చెల్లిని భుజాన వేసుకుని అక్కడికి పరుగెత్తారు. డ్రైవరు స్టార్టరు నొక్కితే "టక్" మన్నదే తప్ప ఇంజను కదలలేదు.

"ఏమైందయ్యా?" అన్నారు నాన్నగారు.

"మూడు రోజులుగా ఎర్ర దీపం ఆరడం లేదండీ. బండి నడుస్తోంది గదా అని ఊరుకున్నాను," అన్నాడతను తల వంచుకుని.

హ్యాండిలు తిప్పగా తిప్పగా ఇంజను అందుకుంది. కాని ముందు దీపాలు వెయ్యగానే ఆగిపోయింది. ఎందుకో తెలుసా? ఇంజనులో నిప్పురవ్వ పుట్టడానికీ బ్యాటరీయే ఆధారం. మిగిలిన కొద్దిపాటి కరెంటు రెంటికీ చాలలేదు. చివరికి దీపాలు ఆర్పేసి, వెన్నెల వెలుగులో మెల్లగా రాజమండ్రి ఆసుపత్రికి చేరాం. చెల్లి బతికింది.

మర్నాడు డ్రైవరు వెంట నేనూ బ్యాటరీ చార్జింగు కొట్టుకు వెళ్ళాను. బ్యాటరీలో ఆరు గదులు. ఒక్కొక్క దానిలో సీసపు పలకలు, నీళ్ళు కలిపిన గంధకామ్లం. గదికి 2 వోల్టుల చొప్పున మొత్తం 12 వోల్టులు. మన ఇళ్ళలో కరెంటు దిక్కు మార్చుకుంటూ ప్రవహిస్తుంది. బ్యాటరీకి ఒకే దిక్కుగా ప్రవహించేది కావాలి. అందుకని రెక్టిఫయరు ద్వారా పంపాలి. కొట్టతను గాజుగొట్టంతో ఆమ్లం సాంద్రత చూశాడు: సుమారు 1.150. చార్జింగు పూర్తయ్యాక 1.280కి వచ్చింది. బీడీ వెలిగించబోయిన ఒకాయనను అతను గట్టిగా వారించాడు. చార్జింగులో పుట్టే హైడ్రోజను నిప్పు తగిలితే పేలుతుంది మరి!

నేటి పెట్రోలు, డీజిలు కార్లలో డైనమో బదులు ఆల్టర్నేటరు ఉంది. కటౌటు పని డయోడులు చేస్తాయి. కాని ఎర్ర దీపం మాత్రం ఇంకా ఉంది, బ్యాటరీ బొమ్మ రూపంలో. దారిలో అది వెలగడం చూస్తే ఊరుకోకండి. బండి నడుపుతున్న పెద్దవాళ్ళకు వెంటనే చెప్పండి!