ఇంట్లో మాట్లాడే భాష

2023 సెప్టెంబరులో, లిమెరిక్‌లో మా అమ్మాయి చదివే బడి నుంచి ఒక దరఖాస్తు ఇంటికి వచ్చింది. ఫ్రాన్సు పశ్చిమపు కొసన, బ్రిటనీ ప్రాంతంలోని కెంపేర్ నుంచి బడిపిల్లలు అక్టోబరు మొదట్లో వస్తారు. వారం రోజులు ఇక్కడి పిల్లల ఇళ్ళలో ఉంటారు. మార్చిలో ఇక్కడి పిల్లలు వాళ్ళ ఇళ్ళకు వెళతారు. లిమెరిక్, కెంపేర్ జంట నగరాలు. ఐర్లండులో పదిహేను, పదహారేళ్ళ వయసులో 'ట్రాన్సిషన్ ఇయర్' అని ఒక ఏడాది ఉంటుంది. ప్రభుత్వ పరీక్షలు లేని ఏడాది కనుక ఇలాంటి రాకపోకలకు తీరిక దొరుకుతుంది.

దరఖాస్తులో తిండి, అలర్జీలు, పెంపుడు జంతువుల వివరాల తరువాత ఒక గడి: 'ఇంట్లో మాట్లాడే భాష'. మా అమ్మాయి తడుముకోకుండా 'ఇంగ్లీషు' అని రాసింది. నేను సంతకం పెట్టాను. అబద్ధం మీద పెట్టిన సంతకం కాదది. అదే నన్ను బాధించింది.

వచ్చిన పిల్ల సన్నగా, మర్యాదగా ఉంది. ఐరిష్ ఇళ్ళలో సాయంత్రం ఆరింటికే భోజనాలు ముగుస్తాయి. వాళ్ళ దేశంలో ఎనిమిదింటికి. మాకు ఎనిమిదిన్నర. ఆ ఒక్క విషయంలో తన స్నేహితురాళ్ళందరికంటే తానే అదృష్టవంతురాలినని చెప్పింది. ఇక్కడి పిల్లలు యూనిఫాం వేసుకోవడం ఆమెకు వింత. అక్కడ సాయంత్రం ఐదారింటిదాకా బడి ఉంటుందన్నది మా అమ్మాయికి వింత.

ఆదివారం ఉదయం నా భార్య దోసెలు పోస్తుంటే ఆ పిల్ల వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది. పెనం చూపించి "బిలిగ్!" అంది. వాళ్ళ ఇంట్లో బక్‌వీట్ పిండితో ఇంచుమించు ఇలాగే అట్లు పోస్తారట. ఆ పెనం పేరు బిలిగ్. "ఇది ఫ్రెంచి మాట కాదు, బ్రెటన్. మా అమ్మమ్మ మాట. అమ్మకు రాదు. నాకు పది, ఇరవై మాటలు వచ్చు" అంది.

బల్ల దగ్గర ఆ కథ సాగింది. వాళ్ళ అమ్మమ్మ తల్లి బడికి వెళ్ళే రోజుల్లో బ్రెటన్‌లో మాట్లాడిన పిల్లల మెడలో ఒక వస్తువు వేలాడదీసేవారు. కొన్నిచోట్ల చెక్కముక్క, కొన్నిచోట్ల పాత కొయ్యజోడు. దాన్ని 'సింబోల్' అనేవారు. మెడలో ఉన్న పిల్ల మరొకరు బ్రెటన్ మాట్లాడుతుండగా పట్టుకుని, దాన్ని వాళ్ళకు అంటగట్టాలి. సాయంత్రానికి అది ఎవరి దగ్గర మిగిలితే వారికి శిక్ష.

మా అమ్మాయి వెంటనే అందుకుంది. ఐర్లండులోనూ పంతొమ్మిదో శతాబ్దంలో పిల్లల మెడలో ఒక కర్ర కట్టేవారట. ఐరిష్‌లో మాట్లాడిన ప్రతిసారీ దానిమీద ఒక గాటు. సాయంత్రం గాట్లు లెక్కపెట్టి దెబ్బలు. ఫలితం ఇప్పుడు కనబడుతూనే ఉంది. ఐరిష్ ఈ దేశపు మొదటి అధికార భాష. 2022 జనాభా లెక్కల్లో 18 లక్షలకు పైగా జనం తమకు అది వచ్చునన్నారు. బడి బయట రోజూ మాట్లాడుతున్నవారు మాత్రం సుమారు 72 వేలే. ఫ్రెంచి పిల్లలు ఇంగ్లీషు నేర్చుకోవడానికి ఇక్కడికి వస్తున్నారంటే ఆ గాట్ల వల్లనే కదా!

ఇద్దరూ నా వైపు తిరిగారు. "మీ దగ్గర కూడా ఇలా చేసేవారా?"

"అబ్బే, లేదు" అన్నాను.

నేను చదివిన కాన్వెంటులో తెలుగు మాట్లాడితే పావలా జరిమానా. మాట్లాడినవాళ్ళ పేర్లు రాయడానికి క్లాసు లీడరుకు ఒక నోటుబుక్కు ఇచ్చేవారు. ఐదో తరగతిలో ఆ లీడరును నేనే. నా పక్క బెంచీలో పల్లె నుంచి వచ్చే కుర్రాడొకడు ఉండేవాడు. ఇంగ్లీషు రాదు, పావలా ఉండదు. వాడి పేరు రోజూ రాశాను. నెల తిరిగేసరికి వాడు మాట్లాడటమే మానేశాడు. నేను దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను. ఇరవై ఏళ్ళ తరువాత పరాయి దేశంలో నా బిడ్డకు తొలి మాటలు నేర్పే వేళ నోట ఇంగ్లీషే వచ్చింది. ఎవరూ బలవంతం చేయలేదు. నోటుబుక్కు ఇంకా నా చేతిలోనే ఉందన్నమాట.

మార్చిలో మా అమ్మాయి కెంపేర్ వెళ్ళింది. బ్రెటన్‌లో ఆ పేరుకు నదులు కలిసే చోటని అర్థం. మనమైతే కూడలి అంటాం. ఆ పిల్ల తమ్ముడు దివాన్ బడిలో బ్రెటన్ మాధ్యమంలో చదువుతాడట. 1977లో కొందరు తల్లిదండ్రులు మొదలుపెట్టిన బడులవి. దివాన్ అంటే మొలకెత్తడం. మనుమడు అమ్మమ్మతో బ్రెటన్‌లో మాట్లాడుతుంటే నడుమ కూతురు అర్థంకాక చూస్తూ కూర్చుంటుందట.

తిరిగి వచ్చిన రాత్రి మా అమ్మాయి అంది, "నాన్నా, ఐరిష్‌లో త్రీ, బ్రెటన్‌లో త్రి. మనకు?"

"మనకూ త్రి ఉంది. సంస్కృతం నుంచి తెచ్చుకున్నాం."

"తెచ్చుకున్నది కాదు. మనది?"

"మూడు."

"మూడు" అంది, 'డ'ను నాలుక కొసన నలిపి. తరువాత ఆ దరఖాస్తు సంగతి ఎత్తింది. అక్కడ వాళ్ళ అమ్మమ్మ అడిగిందట, మీ ఇంటి భాష ఏదని. ఏం చెప్పాలో తోచలేదట.

అప్పుడు నోటుబుక్కు కథ చెప్పాను. పూర్తిగా విని, "ఆ అబ్బాయి ఇప్పుడెక్కడున్నాడు?" అని అడిగింది. తెలియదన్నాను. తను ఇంకేమీ అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేది.

మరునాడు ఫోనులో మా అమ్మతో మాట్లాడబోతూ రిసీవరుకు చెయ్యి అడ్డం పెట్టి, "ఫ్రెంచిలో 'తు', 'వు' ఉన్నట్టే మనకూ ఉన్నాయి కదా. నానమ్మను ఏమనాలి?" అని అడిగింది. మీరు, నువ్వు తేడా ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని పిల్లకు అది ఫ్రెంచి దారిన ఎక్కింది.

"నువ్వు అనే అనాలి. మనం అలాగే అంటాం" అన్నాను.

"నానమ్మా, నువ్వు తిన్నావా?"

అవతల కాసేపు చప్పుడు లేదు. లైను తెగిందేమో అనుకున్నాం. తరువాత మా అమ్మ, ఏం తిన్నదో, ఏం వండిందో, పక్కింటివాళ్ళు ఏం పంపారో చెప్పడం మొదలుపెట్టింది. సగం అర్థం కాకపోయినా మా అమ్మాయి చివరిదాకా "ఊఁ" కొడుతూ వింది.