ఎవరు, ఎవర్ని

డిగ్రీ మొదటేడు ఇంగ్లీషు పేపర్లు దిద్ది ఇస్తా మా లెక్చరరు నాది పైకి చదివాడు. ‘ద బాయ్ హూమ్ ఐ థాట్ వజ్ మై ఫ్రెండ్ చీటెడ్ మీ’. స్నేహితుడనుకున్నోడే మోసం చేశాడని నా భావం. “హూ ఏదో హూమ్ ఏదో తెలీనోళ్లకి గూడా సీట్లిస్తది గవర్నమెంటు” అన్నాడు. క్లాసంతా నవ్వింది. తప్పెక్కడో మాత్రం చెప్పలేదు.

రాత్రి హాస్టల్లో సీనియరన్న కూచోబెట్టాడు. ‘ఎవరు’ అయితే హూ, ‘ఎవర్ని’ అయితే హూమ్. అది నాకూ తెలుసు. ‘ఐ థాట్’ చూసి, నేను అనుకున్నది ఎవర్ని అని హూమ్ పెట్టేశాను. అన్న ఆ రెండు మాటల మీద వేలు అడ్డం పెట్టి మిగతాది చదవమన్నాడు. స్నేహితుడుగా ఉన్నది ఎవరు? వాడు. అయితే హూ. అర నిమిషం పని. మన మాటలో ‘నన్ను కొట్టినోడు’, ‘నేను కొట్టినోడు’ అంటే సరిపోద్ది, మధ్యలో ‘ఎవరు’తో పన్లేదు. అందుకే అక్కడ తడబడతాం. ఆ ముక్క చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడుకునే పిల్లలు ‘హూ డిడ్ యూ సీ’ అనేస్తారు. వ్యాకరణం పుస్తకం ప్రకారం అక్కడ హూమ్ ఉండాలి. వాళ్ల సీటు ఊసు ఎవరూ ఎత్తరు.

1991 ఆగస్టు 6న చుండూరులో మనోళ్లని ఎనిమిదిమందిని చంపారు. గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. బతికినోళ్లు తెనాలి వచ్చి తలదాచుకుంటే మేం ముగ్గురం హాస్టలు పిల్లలం వెళ్లాం. డిగ్రీ చదువుతున్నానని ఇంగ్లీషు అర్జీ నా చేతికొచ్చింది. ‘ఎయిట్ దళిత్స్ వర్ కిల్డ్’ అని మొదలుపెట్టి, చుట్టూ ఉన్నోళ్లకి తెలుగులో చదివాను. ఎనిమిదిమంది దళితులు చంపబడ్డారు.

“చంపబట్టమేంది నాయనా?” అంది ఒక ముసలామె. “ఎవరు చంపారో అందులో లేదా?”

లేదు. ‘ఎవర్ని’ ఉంది, ‘ఎవరు’ లేదు. ఏ లెక్చరరూ ఆ వాక్యం కింద ఎర్రగీత గియ్యడు. పేపర్లోళ్లు, ఆఫీసులోళ్లు అట్టాగే రాస్తారు. నేను నేర్చుకున్న మంచి ఇంగ్లీషు కూడా అదే. కాయితం చింపి, చంపినోళ్లతో మొదలుపెట్టి మళ్లీ రాశాను. ఆమె పక్కనే కూచుని ఒక్కో పేరూ చెప్పింది.

2007 జులైలో చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ వార్త చదివినపుడు ముసలామె అడిగిన మాటే చెవిలో పడింది.

ఇప్పుడు నేనే ఇంగ్లీషు చెబుతున్నాను. హూ, హూమ్ వచ్చిన రోజు ‘ఐ థాట్’ మీద వేలు అడ్డం పెట్టి చూపిస్తాను. ఆ మర్నాడు ‘వజ్ బీటెన్’, ‘వర్ కిల్డ్’ లాంటివి ఓ పది ఇచ్చి, చేసినోణ్ణి తెచ్చి వాక్యం ముందర నిలబెట్టమంటాను. ఇవి పరీక్షలో రావు కద సార్ అని పిల్లలు విసుక్కుంటారు.